ఓరుగల్లు సీమ బిడ్డ షోయబుల్లా ఖాన్

ఆగస్టు పదునైదవ తేదీన జాతీయ పతాకము నెగురవేసి, మిఠాయిలు పంచుకొని యింటికి మరలిన మనము, సరిగా వారము దినముల పిమ్మట వచ్చు మరియొక దినమును తలచుట అరుదు. 1948 ఆగస్టు 22వ తేదీ తెల్లవారుజామున హైదరాబాదు నగరమున, ఇరువదియెనిమిదేండ్లైనను నిండని యొక పత్రికా సంపాదకుడు ప్రాణములు విడిచెను. ఆయన ముస్లిము. ఆయనను చంపినవారును తాము ముస్లిముల రక్షణకే కంకణము కట్టుకొంటిమని చెప్పుకొన్నవారు. ఓరుగల్లు సీమలో పుట్టిన ఆ షోయబుల్లా ఖాన్ జీవితమును పాఠకులకు జ్ఞప్తి చేయుట మా ధర్మమని తలచుచున్నాము.

ఆ కథకు ముందు గోవును గూర్చి రెండు మాటలు చెప్పవలసియున్నది. హిందూ ముస్లిము వైరమన్నంతనే బ్రిటిషు ఇండియాలో మొదట వినబడినది గోవు పేరే. 1882లో దయానంద సరస్వతి గోరక్షిణీ సభను స్థాపించెను. పిదప అలహాబాదు హైకోర్టు, శిక్షాస్మృతిలో పవిత్రమైన వస్తువు అని చెప్పిన మాట గోవునకు వర్తింపదని తీర్పు చెప్పగా, గోరక్షణ సభలు ఊరూర వెలసినవి. 1893 బక్రీదునాడు ఆజంగఢ్, బలియా మండలములలో మొదలైన అల్లరులు పలు తావులకు ప్రాకినవి. ఆ యేడు దేశమున నూఱుమందికి తక్కువ గాకుండ మడిసిరి. 1917లో బీహారునందలి షాహాబాదు మండలమున నూఱుకు పైగా గ్రామములు దోపిడికి గురియైనవి.

ఆ గొడవలలో ఒక విచిత్రము కలదు. దేశమున గోమాంసమునకై పశువులను విశేషముగ వధింపించినది తెల్లదొరల సేనలు. విక్టోరియా రాణియే 1893లో తన వైస్రాయికి వ్రాసిన లేఖలో ఈ సంగతి నంగీకరించి, ఈ యాందోళన పైకి ముస్లిములపై కనబడినను నిజమునకు తమ పైననేయని తెలిపినది. అయినను దండు బజారులోని కసాయి దుకాణమునకు కాపలా యుండెను. ఏడాదికొక దినము ఖుర్బానీ యిచ్చిన పేద జులాహా యింటికి మాత్రము కాపలా లేకపోయెను. బలవంతుని జోలికి పోలేని కోపము పొరుగువాని వాకిట దిగినది. ఈ సంగతి నెఱిగిన గాని షోయబుల్లా ఖాన్ జీవితపు మర్మము తెలియదు.

ఇక మన నిజాము రాష్ట్రము. ఇచట గోవు అంతటి మంట రేపలేదు. గోవధను నిషేధించుచు నిజాము 1922లో ఫర్మానా వెలువరించెను. ఓరుగల్లు చుట్టుప్రక్కల పల్లెలలో పీరీల పండుగనాడు పీరీలనెత్తి గుండము చుట్టును ఆడినవారిలో హిందువులు సగమునకు పైబడియుందురు. కాజీపేట దర్గాకు మ్రొక్కుబడులు చెల్లించు హిందూ కుటుంబము లెన్నియో కలవు. ఇట్టి సీమకు మతవైరము రాదని నాటి పెద్దలు నమ్మిరి. కాని వైరము వచ్చుటకు గోవే కావలెనా? దొరతనము చాలదా?

షోయబుల్లా ఖాన్ 1920 అక్టోబరులో, నాటి వరంగల్లు జిల్లా మానుకోట ప్రాంతమునందలి సుబ్రవేడు గ్రామమున జన్మించెను. తండ్రి హబీబుల్లా ఖాన్ రైల్వే పోలీసునందు చిన్న యుద్యోగి. ఆ సంవత్సరము మన దేశచరిత్రలో మఱపురానిది. అంతకుముందు 1919 డిసెంబరులో హకీం అజ్మల్ ఖాన్ అధ్యక్షతన అమృతసర్‌లో కూడిన ముస్లింలీగు సభ, బక్రీదునాడు గోవునకు మారుగ ఇతర పశువుల ఖుర్బానీ నిండని ముస్లిములను కోరెను. ఖిలాఫతు కోర్కెకు హిందువులు తోడ్పడిరి. గోవు కొఱకు బేరమాడవద్దనియు, ముస్లిముల కోర్కె న్యాయమైనదని తోచినచో ఊరకయే తోడ్పడవలెననియు గాంధీ మహాత్ముడు హిందువులకు బోధించెను. హైదరాబాదు నగరమున సైతము కేశవరావు కోరట్కరు, వామన నాయకు మొదలగువారు ఖిలాఫతు సభలలో ముస్లిము సోదరుల ప్రక్కన కూర్చుండిరి. నిజాము ప్రభుత్వము ఆ సభలను త్వరలోనే నిషేధించెను. హిందూ ముస్లిముల వైరముకంటె వారి పొత్తునకే ప్రభువు లెక్కువ భయపడుదురని నాడే తేలినది.

అట్టి గాలి వీచిన యేట పుట్టిన బిడ్డ ముఖములో గాంధీ పోలిక కలదని మురిసి, తండ్రి ఆ పేరనే ముద్దుగ పిలుచుకొనెడివాడని చెప్పుదురు. రైల్వే పోలీసు నౌకరు, అందులోను నిజాము ప్రజ, తన కుమారుని అట్లు పిలుచుకొనుట సామాన్యమైన సంగతి కాదు.

బాలుడు పెరిగిన కాలము మాత్రము ఆ గాలికి ఎదురుగ నడచినది. 1927లో వెలసిన ఇత్తెహాదుల్ ముస్లిమీన్ సంస్థ కొలది యేండ్లలో రాజకీయ రూపము దాల్చి, రాష్ట్రమునందలి ప్రతి ముస్లిమును ప్రభువేయను సిద్ధాంతమును ప్రచారము చేసెను. అనల్ మాలిక్ అనునది దాని పేరు. రిక్షా త్రొక్కువాడును, కూలి చేయువాడును తాను ఏలికనని తలచి తృప్తి పడవలెను. అతని కూలి మాత్రము పెరుగదు. మరియొక ప్రక్క 1938లో, ఆర్యసమాజమువారును హిందూ మహాసభవారును రాష్ట్రమున సత్యాగ్రహము సాగించిరి. స్టేటు కాంగ్రెసు పుట్టక పూర్వమే నిషేధమునకు గురియయ్యెను. ఆ యేడే ఉస్మానియా విద్యార్థులు వందేమాతరము పాడినందులకు కళాశాలలనుండి వెడలగొట్టబడిరి. అందు ఓరుగల్లునందు చదువుకొనుచుండిన పి.వి. నరసింహారావు ఒకరు.

ఆ సీమలో జరిగిన మరియొక సంగతిని గూడ ఇచట చెప్పుదుము. జనగామ తాలూకా కామారెడ్డిగూడెమున షేక్ బందగీయను పేద ముస్లిము రైతు తన భూమికై విసునూరు దేశముఖుతో న్యాయస్థానమున పోరాడెను. 1940లో ఆ దేశముఖు మనుషులు అతనిని పొడిచి చంపిరి. చంపించిన దొర హిందువు. ఏలుచున్న ప్రభుత్వము తమదేయని ముస్లిములకు బోధింపబడుచున్న కాలమది. అయినను ఆ ప్రభుత్వము బందగీని కాపాడలేదు. అతని సమాధికడ నేటికిని మ్రొక్కువారిలో హిందూ రైతులే హెచ్చు. తరువాత అదే సీమలో హిందూ దేశముఖులు కొందఱు రజాకార్లను తమ గడీలకు పిలిచి, తిరుగబడిన రైతులను కొట్టించిరి. భూస్వాములైన మా పాఠకులకు ఈ మాట కటువుగ తోచవచ్చును. కాని చరిత్ర చెప్పునది అదియే. మతము పేర సాగిన పోరులో దొరలు ఇరుప్రక్కలను కలిసియుండగా, దెబ్బలు తిన్నవారు మాత్రము పేదలు.

షోయబుల్లా ఖాన్ ఉస్మానియా విశ్వవిద్యాలయమున పట్టము పొందెను. ఉర్దూ చక్కగ నేర్చిన పట్టభద్రుడైన ముస్లిము యువకునకు ఆ దినములలో సర్కారీ యుద్యోగము దుర్లభము కాదు. ఆయన ఆ ద్వారము త్రొక్కక పత్రికారచనను చేపట్టెను. మొదట తేజ్ యను ఉర్దూ పత్రికలో పనిచేసెను. దానిలోని రచనలు ప్రభుత్వమునకు రుచింపక ఆ పత్రిక మూతపడెను. పిదప మందుముల నరసింగరావు నడపుచుండిన రయ్యత్ పత్రికలో ఉపసంపాదకుడుగ చేరెను. ఉర్దూలో వెలువడుచు రైతు పేరు దాల్చిన ఆ పత్రికను తెలుగువాడైన హిందువు నడపగా, ముస్లిము యువకుడు అందు ప్రజాప్రభుత్వమును కోరుచు వ్రాసెను. ఉర్దూ యొక మతమువారి సొత్తు కాదనుటకు ఇంతకంటె నిదర్శన మేమి కావలెను? కొంతకాలమునకు రయ్యత్ పత్రికను గూడ సర్కారు మూయించెను.

అప్పటికి రాష్ట్రము కుతకుతలాడుచుండెను. 1946 ఆగస్టు 11న ఓరుగల్లు కోటలో జాతీయ పతాకము నెత్తినవారిపై రజాకార్లు పడి బత్తిని మొగిలయ్యను బలిగొనిరి. ఆ సంవత్సరముననే లాతూరు వకీలు కాసిం రజ్వీ ఇత్తెహాదు నాయకత్వమును చేజిక్కించుకొనెను. 1947లో బ్రిటిషువారు వెడలిపోగా, నిజాము భారతదేశమున చేరనని భీష్మించెను. నూటయేబదియేండ్లు తెల్లదొరల సేన నీడలో నిలిచిన గద్దె, ఆ నీడ తొలగిన పిదప రజాకార్ల కత్తి నీడను వెదకికొన్నది. 1947 సెప్టెంబరు 2న ఓరుగల్లునకు చేరువనున్న పరకాలలో పతాకముతో సాగిన జనముపై తుపాకులు ప్రేలగా అనేకులు నేలకొరగిరి. పల్లెలనుండి కుటుంబములు కట్టుబట్టలతో సరిహద్దు దాటి బెజవాడ మొదలగు చోట్ల తలదాచుకొనెను.

ఇట్టి తరుణమున, 1947 నవంబరు 15న, షోయబుల్లా ఖాన్ ఇమ్రోజ్ యను ఉర్దూ దినపత్రికను స్థాపించెను. ఇమ్రోజ్ అనగా నేడు అని యర్థము. చేతిలో మూలధనము లేదు. ఇంటి నగలు సైతము ఆ పత్రికలో పడినవందురు. బూర్గుల రామకృష్ణారావు మొదలగు నాయకులు చేయూతనిచ్చిరి. కాచిగూడలోని చిన్న కార్యాలయమున ఆయనయే వ్రాసి, దిద్ది, అచ్చు చూచుకొనెను.

ఆయన వ్రాసినదాని సారము నాలుగు మాటలలో చెప్పవచ్చును. హైదరాబాదు భారతదేశమున చేరవలెను. ప్రజల ప్రభుత్వము రావలెను. రజాకార్ల దౌర్జన్యము హిందువులకెంత కీడో ముస్లిములకును అంతే కీడు; ఇంకను హెచ్చు కీడు, ఏలయన దాని ఫలితము రేపు అమాయకులైన ముస్లిముల నెత్తిపై పడును. పగలు ఏలునది యొక ప్రభుత్వమును, రాత్రి ఏలునది మరియొక ప్రభుత్వమునుగా నున్న రాష్ట్రమున ఎవనికిని క్షేమము లేదు. ఇవి హిందువులను మెప్పించుటకు వ్రాసిన వ్రాతలు కావు. ఆ పత్రిక ఉర్దూది. దాని నుద్దేశించినది ఉర్దూ చదువు నగరవాసులను. తనవారి తప్పును తనవారి నడుమ నిలిచి, తనవారి భాషలో చెప్పుట మిక్కిలి కష్టమైన పని. ఎదుటివాని మతములోని దోషమును తన యింట కూర్చుండి వ్రాయుట ఎవనికైనను సులభమే. గోరక్షణ కలహముల దినములలో ఇరుప్రక్కల పత్రికలును ఆ సుళువైన పనినే చేసినవి.

బెదిరింపు లేఖలు వచ్చినవి. ద్రోహియని, హిందువుల బంటని నిందలు వచ్చినవి. మిత్రులు కొంతకాలము నగరము విడిచి పొమ్మనిరి. ఆయన కదలలేదు.

1948 ఆగస్టు నెలలో బాకర్ అలీ మీర్జా, ముల్లా అబ్దుల్ బాసిత్, ఫరీద్ మీర్జా మొదలుగాగల యేడుగురు ముస్లిము ప్రముఖులు ఒక ప్రకటన చేసిరి. రజాకారు దళమును రద్దు చేయవలెననియు, రాష్ట్రము భారతదేశమున చేరుటయే శ్రేయమనియు అందలి భావము. ఇమ్రోజ్ ఆ ప్రకటనకు చోటిచ్చెను. ఆగస్టు 19న జమరుద్ మహలు సభలో కాసిం రజ్వీ, తమకెదురుగ లేచు చేతులు తెగిపడునని హెచ్చరించెను.

రెండు దినములే గడచినవి. ఆగస్టు 21వ తేదీ రాత్రి పొద్దుపోయిన పిదప పత్రిక పని ముగించుకొని, బావమఱది ఇస్మాయిల్ ఖానుతో షోయబుల్లా ఖాన్ కాచిగూడ చప్పల్ బజారు మీదుగ ఇంటికి నడచి పోవుచుండెను. దుండగులు వెనుకనుండి తుపాకి ప్రేల్చిరి. నేల కూలినవానిపై కత్తులతో పడి, వ్రాసిన చేతిని నఱికిరి. అడ్డు వచ్చిన ఇస్మాయిల్ ఖాన్ చేయియు తెగినది. ఆయన బ్రతికి బయటపడెను. షోయబుల్లా ఖాన్ తెల్లవారక మునుపే కన్ను మూసెను. వృద్ధులైన తలిదండ్రులును, భార్యయు దిక్కులేనివారైరి. ఊరేగింపునకు అనుమతి లేకపోగా, కొలదిమంది నడుమ గోషామహలు ప్రాంతపు శ్మశానమున ఆయన దేహమును ఖననము చేసిరి. పత్రికకు వయస్సు తొమ్మిది మాసములు.

మూడు వారములు దాటగనే, సెప్టెంబరు 13న భారత సైన్యము హైదరాబాదు రాష్ట్రమున ప్రవేశించెను. 17వ తేదీన నిజాము లొంగిపోయెను. ఓరుగల్లు వీథులలో జనులు ఆనందముతో నృత్యము చేసిరి. ఇచట కథ ముగించుట సుళువు. కాని ఇచటనే ముగించినచో షోయబుల్లా ఖాన్‌కు మనము న్యాయము చేసినవారము కాము.

ఆయన భయపడినదే జరిగినది. సైనిక చర్య వెంటను, దాని పిదపను, ఉస్మానాబాదు, బీదరు, నాందేడు, గుల్బర్గా మండలములలో నిరపరాధులైన ముస్లిములు వేలకొలదిగ చంపబడిరి. నెహ్రూ ప్రభుత్వము పంపగా పండిత సుందరలాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ ప్రభృతులు ఆ మండలములు తిరిగి చూచి, మృతుల సంఖ్య ఇరువదియేడువేలనుండి నలుబదివేల వఱకు నుండునని అంచనా వేసిరి. ఆ నివేదిక అఱువది సంవత్సరములకు పైగా జనులకు కానరాక, 2013లో గాని వెలుగు చూడలేదు. తెలుగు జిల్లాలలో ఆ ఘోరము తక్కువగ నుండెనని అందే కలదు. అది మనకు కొంత ఊరటయే గాని గర్వకారణము కాదు. రజాకారు చేసిన పాపమునకు, రజాకారు ముఖమైనను చూడని జులాహా, కసాయి, బండి తోలువాడు వెల చెల్లించిరి. 1893లో దండు కసాయిని వదలి పేద ముస్లిమును కొట్టిన చేతులే మరల లేచినవి.

షోయబుల్లా ఖాన్ పేరును తమ వాదమునకు సాక్ష్యముగ తెచ్చుకొను హిందువులు కొందఱు గలరు. ముస్లిములలో మంచివాడు అతడొక్కడేయనునట్లు వారు మాటలాడుదురు. మేము దీనిని అంగీకరింపము. ఆయనతో ఇస్మాయిల్ ఖాన్ నడచెను. ఆయనకు ముందు బందగీ మడిసెను. ఆయన పత్రికలో ఏడుగురు పెద్దలు తమ పేళ్లు పెట్టి నిలిచిరి. అటులే ఆయనను తమవారికి ద్రోహము చేసినవానిగ తలచి మఱచిపోవు ముస్లిములును కలరు. తమవారి నెత్తిపై పడనున్న పిడుగును ముందుగ చూచి చెప్పినవానిని ద్రోహియనుట న్యాయమా? ఆయన మాట వినియుండినచో ఆ మండలములలో ఎన్ని యిండ్లలో దీపము వెలుగుచుండెడిదో ఆలోచింపవలెను.

గోవు సంగతి నేటికిని మన నడుమ కలదు. 1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగము నలుబదియెనిమిదవ అధికరణమున పశురక్షణను రాజ్యము నడువవలసిన మార్గములలో చేర్చినది. 1977లో మన రాష్ట్రమున చట్టమును వచ్చినది. చట్టమున్నపుడు దానిని నడుపవలసినది న్యాయస్థానము, పోలీసు. వీథిలోని గుంపు కాదు. మఱియు రైతులైన మా పాఠకులు తమ మనస్సునే యడుగుకొందురుగాక. దున్నలేని ముసలి యెద్దును సంతకు తోలునది ఎవరు? వట్టిపోయిన యావును పోషింపలేక త్రాడు విప్పి యిచ్చునది ఎవరు? అమ్మినవాని చేతిలోని రూపాయిని విచారింపక, కొన్నవాని మతమును మాత్రమే విచారించు భక్తి గోవునకు మేలు చేయదు. గోవుపై నిజమైన దయ గలవాడు మొదట తన కొట్టములోని ముసలి పశువునకు గడ్డి వేయును.

షోయబుల్లా ఖాన్ జీవితమునుండి మేము గ్రహించినది ఇది. ప్రతివాడును తన యింటి దోషమును ముందు చెప్పవలెను. హిందువు హిందువులకును, ముస్లిము ముస్లిములకును, భూస్వామి భూస్వాములకును. అట్లు చెప్పువానిని కాపాడు భారము తక్కిన వారందఱిది. నాడు హైదరాబాదు నగరము ఆ భారమును వహింపలేకపోయినది.

రాబోవు ఆగస్టు 22వ తేదీన ఓరుగల్లులోను, మానుకోటలోను గల గ్రంథాలయములలో ఆయన చరిత్రమును పిల్లలకు చదివి వినిపింపుడని మా పాఠకులను కోరుచున్నాము. తెలుగులోను, ఉర్దూలోను వినిపింపవలెను. ఆ పిల్లలు హిందువుల యిండ్లనుండియు ముస్లిముల యిండ్లనుండియు వచ్చి యొక్క చాపపై కూర్చుండవలెను. సుబ్రవేడులో పుట్టిన ఆ బిడ్డకు అంతకంటె మంచి స్మారకమును మేము ఊహింపజాలము.